ఒక చెరువు, ఒక ఆనకట్ట, ఒక కాలువ

ఏ యూరిలోనైనను మూడు విధములైన పనులు కానవచ్చును. తలపెట్టి ముగించినవి కొన్ని, తలపెట్టి నడుమ విడిచినవి కొన్ని, ముగించియు ఎవరికిని అక్కరకు రానివి కొన్ని. మొదటివానిని చూచి సంతోషింతుము. రెండవవానిని చూచి నిట్టూర్తుము. మూడవవానిని చూచినప్పుడు మాత్రము ఏమనుకొనవలయునో తోచదు. గోడలు నిలిచియుండును, ధనము వ్యయమై యుండును, లెక్కలు సరిపోయి యుండును, అయినను ఆ గడప త్రొక్కువాడు ఉండడు. అట్టి పని ముగిసినదనవలెనా, ముగియలేదనవలెనా?

ఈ ప్రశ్న చిన్నది కాదు. పెద్ద పనులను పూనినవారెల్లరును ఏదో యొకనాడు దీనిని ఎదుర్కొనవలసినవారే. కార్యనిర్వహణము నేడు ఒక శాస్త్రమైనది. దానికి పాఠశాలలు, పరీక్షలు, పట్టములు ఏర్పడినవి. కాని దాని మూలసూత్రములు మన నేలకు క్రొత్తవి కావు. అందుచేత తెలుగుసీమలోని మూడు నీటి పనుల చరిత్రను ఈ ప్రసంగమున పెద్దల ముందుంచెదను. మొదటిది కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు. రెండవది గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట. మూడవది కర్నూలు–కడప కాలువ. మూడును గొప్ప పనులే. మూడింటికిని రాళ్లు, సున్నము, కూలీలు, ధనము సమకూడెను. అయినను మూడింటి గతియు ఒక్కటి కాలేదు. ఆ భేదము ఎందుండి వచ్చెనో తెలిసికొనుటయే మన పని.

పోరుమామిళ్ల చెరువు విజయనగర రాజ్యపు తొలినాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి ఆ సీమను పాలించుచుండెను. ఆయన ఈ చెరువును కట్టించి, అనంతరాజసాగరమని పేరిడి, దాని చరిత్రమును శిలపై చెక్కించెను. ఆ శాసనము శాలివాహన శకము 1291వ సంవత్సరమునకు, అనగా క్రీస్తుశకము 1369వ సంవత్సరమునకు చెందినది. మన దేశమున చెరువు శాసనములు వేలకొలది కలవు. పెక్కింటిలో కట్టించినవాని వంశమును, దానమిచ్చిన భూమిని, దానిని హరించినవానికి కలుగు పాపమును చెప్పుదురు. పోరుమామిళ్ల శాసనములో అంతకంటె అధికమైన విషయమొకటి కలదు. మంచి చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండనియు, చెరువునకు రాదగని దోషములు ఆరనియు అందు వరుసగా లెక్కించి చెప్పబడినవి.

ఆ పండ్రెండు సాధనములు ఎవ్వి? ధర్మబుద్ధియు సంపదయు కలిగి, నిలిచియుండు కీర్తిని కోరు రాజు ఒకటి. జలశాస్త్రము నెరిగిన పండితుడు రెండవది. గట్టి బంకమన్ను గల నేల మూడవది. మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది నాలుగవది. చెరువును ఆనుకొని యుండు కొండ ఐదవది. ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాక, గట్టి రాతితో కట్టిన కట్ట ఆరవది. కట్ట కొనలు రెండును పంటభూమికి వెలుపలగా నుండుట ఏడవది. విశాలమై లోతైన చెరువు గర్భము ఎనిమిదవది. పొడవైన చక్కని రాళ్లు దొరకు గని తొమ్మిదవది. చేరువలోనే పల్లమై, సమమై, సారవంతమైన పొలము పదవది. కొండ నానుకొని సుడులు తిరుగుచు వచ్చు బలమైన ప్రవాహము పదునొకండవది. నిర్మాణమునందు ఆరితేరిన పనివారి సమూహము పండ్రెండవది.

ఈ వరుసను పెద్దలు ఒక్కసారి మనసున నిలుపుకొని చూడుడు. మొదట నున్నవాడు పని తలపెట్టి ధనమిచ్చు ప్రభువు. వాని వెంటనే ఉన్నవాడు తెలిసినవాడు. చిట్టచివర నున్నవారు చేతులతో చేయువారు. నడుమ నున్నవి నేల, నీరు, రాయి, పొలము. ధనము గలవాడే ప్రభువైన చాలదని శాసనకర్త తలంచెను. వానికి ధర్మబుద్ధి యుండవలయును, తన తరువాత కూడ నిలుచు ఫలమును కోరవలయును. తెలివి ప్రక్క నుండవలయును. పనివారిని కేవలము బలముగా గాక నేర్పుగా లెక్కించిరి. పొలమును సాధనములలో చేర్చుట మరియు విశేషము. నీరు నిలుపుట చెరువు పని. పంట పండించుట చెరువు ప్రయోజనము. ప్రయోజనము లేనిచో సాధనము సంపూర్ణము కాదు.

ఇక ఆరు దోషములు. కట్టనుండి నీరు ఊరుట మొదటిది. చౌడు నేల రెండవది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట మూడవది. చెరువు నడుమ తాబేటి వీపువలె మెరకయుండుట నాలుగవది. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట ఐదవది. నీరు విస్తారమై సాగునేల కొంచెమగుట ఆరవది.

ఇందు మొదటి, రెండవ, నాలుగవ దోషములు నేలకును మట్టికిని సంబంధించినవి. తక్కిన మూడును మనుష్యులకు సంబంధించినవి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండినచో కట్ట యొకరిది, నీరు మరియొకరిది యగును. మరమ్మతు ఎవరు చేయవలెనను తగవు తీరదు. నీరు కొంచెమై ఆయకట్టు అధికమైనచో ఇచ్చిన మాట చెల్లదు. ఎగువవాడు తడుపుకొనగా దిగువవాని మడి ఎండిపోవును. గ్రామమున కక్షలు పుట్టును. నీరు అధికమై నేల కొంచెమైనచో వ్యయమంతయు వృథ. పని మొదలిడక పూర్వమే, ఏ చోట చెడుటకు వీలున్నదో ఆ చోటులను లెక్కించి వ్రాసికొనుట నేటి కార్యనిర్వహణ శాస్త్రమున ముఖ్యమైన పాఠము. ఆ పాఠమును మన కడపసీమ రాయి ఆరువందల ఏండ్లకు పైగా మోయుచున్నది.

శాసనమున లెక్కలు కూడ కలవు. దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లు తెచ్చుటకు నూరు బండ్లు నడచెననియు, పని రెండేండ్లలో ముగిసెననియు చెప్పబడినది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు ఆనాటి కొలతలలో వ్రాయబడినవి. జనమెందరు, బండ్లెన్ని, కాలమెంత, కొలత యెంత, ఈ నాలుగింటిని దాచక రాతిపై పెట్టినందున ఆ పని ఎట్లు జరిగెనో నేటికిని మనకు తెలియుచున్నది. లెక్క పదిమందికి తెలిసినప్పుడే పనిపై పదిమందికి నమ్మకము కుదురును. ఆ చెరువు నేటికిని నిలిచి పొలములకు నీరందించుచున్నది.

ఇక గోదావరి తీరమునకు పోవుదము. పోరుమామిళ్లలో రాజు, పండితుడు, పనివాడు, రైతు ఒక్క సీమవారు. దాదాపు అయిదువందల ఏండ్ల తరువాత గోదావరి మండలమున పరిస్థితి వేరు. ధనమిచ్చువారు లండనులో నుండిరి. అనుమతించువారు మద్రాసులో నుండిరి. ఆకలిగొన్నవారు రాజమహేంద్రవరము చుట్టుపట్ల నుండిరి. వీరికి ఒకరి భాష యొకరికి తెలియదు. ఒకరి కోరిక యొకరిది కాదు.

1832–33లో నందన నామ సంవత్సరపు కరువు ఆంధ్రతీరమును పీడించెను. 1839 నవంబరు మాసమున కోరంగి తీరమున పెనుతుపాను వచ్చెను. ఒక యేడు వాన లేక, మరియొక యేడు నీరు ముంచి, పల్లెలు పాడుపడెను. 1821లో రాజమహేంద్రవర మండలమున 7 లక్షల 38 వేలకు పైగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గెను. గోదావరి మాత్రము ఏటేట నిండుగా ప్రవహించి సముద్రములో కలియుచుండెను. మండలపు దుస్థితిని విచారించుటకు వచ్చిన హెన్రీ మాంట్గొమరీ 1844లో తన నివేదిక నిచ్చెను. ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు 1844లో ఒకటియు, 1845లో మరియొకటియు నివేదికలు వ్రాసెను.

కాటన్ అంతకు పూర్వము కావేరిపై పనిచేసినవాడు. కొల్లిడము పై ఆనకట్టను 1836లో కట్టించినవాడు. ఇసుకలో పునాది వేయు విద్యను ఇంగ్లీషువారు కావేరిపై పూర్వ నిర్మాతలు కట్టిన కల్లణ నుండి నేర్చుకొనిరని ఆయనయే ఒప్పుకొనెను. పెద్ద పని పూనువానికి ఇది మొదటి గుణము: తనకంటె ముందు ఆ నేలపై పనిచేసినవారిని అడిగి తెలిసికొనుట. ఆయన నివేదికలలో తంజావూరు సీమను, గోదావరి సీమను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. రెండును నదీముఖ భూములే. అచ్చట నీటి వసతి కలదు, సంపద కలదు. ఇచ్చట నీరు సముద్రము పాలగుచున్నది, దారిద్ర్యము కలదు. లండనులోని కంపెనీ డైరెక్టర్లకు కావలసినది శిస్తు. కరువు కథ వారి చెవికి ఎంత దూరము పోవునో కాటన్ ఎరుగును. కావున జనము బ్రదుకునను మాటతోపాటు, పెట్టిన ధనము తిరిగివచ్చునను లెక్కను కూడ వారి ముందుంచెను. ధనమిచ్చువానికి వాని భాషలో చెప్పుట మోసము కాదు, చెప్పినది నిజమైనచో. 1846 డిసెంబరులో అనుమతి లభించెను. ఆనకట్ట అంచనా సుమారు నాలుగు లక్షల డెబ్బదియైదు వేల రూపాయలు.

1847లో పని ఆరంభమయ్యెను. ధవళేశ్వరము కడ గోదావరి లంకలతో కలిసి సుమారు నాలుగు మైళ్ల వెడల్పు గలది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను విభజించిరి. నాలుగును కలిసి సుమారు రెండుంబావు మైళ్ల నిడివి, ఎత్తు పండ్రెండడుగులు. నదిలో పనిచేయుటకు వీలైన కాలము ఏటికి కొలది నెలలే. వరద దిగిన తరువాత మొదలిడి, మరల వరద రాకమునుపే చేతిలోని భాగమును భద్రపరచవలయును. సున్నము సిద్ధముగా లేకున్న తాపీపని ఆగును. పడవలు లేకున్న రాయి రాదు. రాయి రాకున్న వేలమంది కూలీలు ఊరక కూర్చుందురు. ఒక్కొక్కదినము ఆలస్యమైనచో ఒక యేడు వెనుకబడును. కావున పనికి ముందే పనిశాలలు, ఇటుక ఆవములు, పడవలు సిద్ధపరచిరి. ధవళేశ్వరపు కొండ రాతిని పట్టాల మీద బండ్లలో నదికి చేర్చిరి. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏది ఆగినచో తక్కినవన్నియు ఆగునో తెలిసికొనుట కార్యనిర్వహణమునకు వెన్నెముక. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో హెన్రీ గాంట్ పనులను గీతలపట్టికగా వ్రాసి చూపెను. 1957–58లో ఆ దేశమందే, ఆలస్యమునకు చోటియ్యని పనుల వరుసను లెక్కగట్టు పద్ధతులు పుట్టెను. గోదావరి ఒడ్డున ఆ పట్టికను వ్రాసినది వరద.

పదివేలమంది కూలీలు, ఐదువందలమంది వడ్రంగులు, ఐదువందలమంది కమ్మరులు ఆ పనిలో నుండిరి. ఇంతమందిని కూర్చుట, నడపుట దొర యొక్కడివలన కాదు. వీణెం వీరన్న అను తెలుగువాడు ఆ భారమున పెద్దపాలు వహించెను. జనము మాట ఇంజనీర్లకును, ఇంజనీర్ల మాట జనమునకును తెలియజెప్పగల మనిషి లేనిచో, ఎంత చక్కని పటమైనను కాగితముగానే మిగులును. 1848లో కాటన్ అనారోగ్యముచే సెలవుపై పోయి 1850లో మరల వచ్చెను. ఆ రెండేండ్లును కెప్టెన్ ఆర్ పనిని నడపెను. నాయకుడు లేని కాలమున పని నిలువకుండుటయే నాయకుని నిజమైన పరీక్ష. 1852 మార్చి నెలాఖరునకు ఆనకట్ట పూర్తియయ్యెను.

సంబంధించినవారిని తృప్తిపరచుట యనగా నేమో ఈ పనిలో స్పష్టముగా కనబడును. ఒక పనివలన లాభమో నష్టమో పొందువారెల్లరును ఆ పనికి సంబంధించినవారే. ధనమిచ్చువాడే కాదు, దారి పోగొట్టుకొనువాడును సంబంధించినవాడే. నదికి అడ్డముగా గోడ కట్టినచో పడవవాని బ్రదుకేమగును? అందుచేత లాకులు కట్టి, కాలువలను పడవలు నడచునట్లు త్రవ్విరి. పడవవాడు పోగొట్టుకొన్న దారికి బదులుగా మరియొక దారి దొరకెను. నీరు ఒక్క ఒడ్డుకే ఇచ్చినచో ఆవలి ఒడ్డువాడు శత్రువగును. అందుచేత తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వేర్వేరుగా తలకాలువలు ఏర్పరచిరి. వైనతేయ పాయకు ఆవల నున్న నగరపు లంకకు నీరెట్లు పోవును? లెఫ్టినెంటు హేగ్ 1852–53లో గన్నవరము కడ నలువదియడుగుల వెడల్పు గల 49 కమానులతో, పాయ మీదుగా నీటిని దాటించు వంతెనను కట్టెను. క్రింద నది, మీద కాలువ. నూరేండ్లకు మించి అది నీరు మోసెను. ఆ లంకవారిని విడిచినను ఆనకట్ట ఆనకట్టయే; కాని వారికి ఆనకట్ట లేనట్లే.

ఈ పనియందు లోపములు లేవని నా యభిప్రాయము కాదు. ఆనకట్ట లేచినంత త్వరగా కాలువలు సాగలేదు; ఆ పని దశాబ్దముల తరబడి నడచెను. నీటితోపాటు నీటితీరువ వచ్చెను. అయినను డెల్టా రైతు ఆ నీటిని స్వీకరించెను. ఏలయన, వరిసాగు వానికి తెలిసినది. పల్లపు నేల వానికి కలదు. నీటి కొరత వాని కడుపునకు తెలిసినది. వానికి కావలసినదే వానికి వచ్చెను. 1982లో క్రొత్త బారేజి ప్రారంభమైనప్పుడు దానికి కాటన్ పేరే పెట్టబడినది. పరప్రభుత్వపు ఉద్యోగి యొక్క పేరును, స్వతంత్ర దేశపు జనము తమ యిష్టమున నిలుపుకొనుట అరుదైన మాట.

అదే కాటన్ కోరికపై పుట్టిన మరియొక పని కథ వేరుగా నడచెను. ఇది విని తెలిసికొనదగినది.

గోదావరి విజయము వలన నీటి పనులపై పెద్ద ఆశలు పుట్టెను. తుంగభద్ర నీటిని కర్నూలు నుండి కడపవరకు తీసికొనిపోవలెనను ఆలోచనను కాటన్ గట్టిగా బలపరచెను. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను సంస్థ లండనులో ఏర్పడెను. దాని పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వంతుల వడ్డికి ప్రభుత్వము హామీ యిచ్చెను. కర్నూలునకు ఎగువన సుంకేసుల కడ తుంగభద్రపై ఆనకట్ట కట్టి, సుమారు 190 మైళ్ల కాలువను త్రవ్విరి. 1860 తరువాతి దశాబ్దమంతయు ఆ పనికి పట్టెను. నడుమ ధనము చాలక ప్రభుత్వమే అప్పియ్యవలసివచ్చెను. తుదకు కాలువ ముగిసెను. నీరు పారెను. కాని నీరు కోరువారు రాలేదు.

కారణమేమి? కాలువ పారిన సీమలో విస్తారముగా నున్నది నల్లరేగడి. జొన్న, ప్రత్తి, కొర్ర అచ్చటి పంటలు. సరియైన వాన కురిసిన యేడు ఆ నేల తన తేమను తానే దాచుకొని పంట నిచ్చును. నల్లరేగడిలో నీరు పెట్టి వరి పండించుట ఆ రైతునకు అలవాటు లేని పని. నేలను చదును చేయవలయును, గట్లు వేయవలయును, క్రొత్త ఎద్దులు, క్రొత్త ఎరువు కావలయును; అన్నిటికి మించి ఏటేట తీరువ చెల్లింపవలయును. వాన చాలిన యేడు ఆ తీరువ ఏల చెల్లింపవలెనని రైతు అడిగెను. కరువు కాలమున నీరు కోరువారు పెరిగిరి. వానలు కురియగానే తగ్గిరి. కాలువ తన వడ్డినైనను సంపాదింపలేకపోయెను. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కంపెనీ నుండి కొనవలసివచ్చెను.

పోరుమామిళ్ల రాతిలోని ఆరవ దోషమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు: నీరు విస్తారమై సాగునేల కొంచెమగుట. నేల లేకపోలేదు, నేల యజమానికి ఆ నీటిపై ఇష్టము లేదు. రెండింటి ఫలము ఒక్కటే. ఆ శాసనమున్న సీమవైపే ఈ కాలువ పోవుట చూడగా, రాయి చెప్పిన మాట చెవినిబెట్టువారు ఆనాడు లేకపోయిరని తోచును.

మరియొక కారణము కూడ కలదు. వడ్డికి హామీ యున్నందున, కాలువ పారినను పారకున్నను ధనమిచ్చినవారికి నష్టము లేదు. పనివలన తనకు నష్టము రాదని ముందే తెలిసినవాడు, ఆ పని ఫలము ననుభవింపవలసినవాని గుమ్మము తట్టడు. గోదావరిపై ధనమిచ్చువాని లాభమును రైతు లాభమును ఒక త్రాటితో కట్టబడియుండెను. రైతు పండించిననే శిస్తు. శిస్తు వచ్చిననే ప్రభుత్వమునకు తృప్తి. తుంగభద్రపై ఆ త్రాడు తెగియుండెను. ఒకరిని తృప్తిపరచుటకు మరియొకరి తృప్తి అక్కరలేనిచో, ఆ పనియందు ఏదో లోపము పుట్టియే తీరును.

కథ అంతటితో ముగియలేదు. కాలము గడచిన కొలది ఆ సీమ రైతులు నీటి వ్యవసాయమునకు అలవాటుపడిరి. పంటలు మారెను, జనము పెరిగెను, ధాన్యపు అంగళ్లు పెరిగెను. ఇప్పుడు ఆ కాలువకు 2 లక్షల 65 వేల ఎకరముల ఆయకట్టు కలదు. ఒకనాడు వద్దన్న నీటికొరకు నేడు రైతులు విన్నపము లిచ్చుచున్నారు. కాలువ మారలేదు, నది మారలేదు, సంబంధించినవారి అవసరము మారెను. కావున ఆనాటి రైతు మూర్ఖుడనుటయు తప్పే, ఆనాటి కాలువ వ్యర్థమనుటయు తప్పే. జనము సిద్ధపడకమునుపు వచ్చిన మేలు వారికి మేలుగా తోచదు. సిద్ధపరచుట కూడ పనిలో నొక భాగమే. కంపెనీ రాతికిని మట్టికిని ధనము కేటాయించెను గాని, రైతునకు నేర్పుటకును వానినుండి నేర్చుకొనుటకును కాలము కేటాయింపలేదు.

మూడవ దోషము, రెండు రాజ్యముల సరిహద్దు, తుంగభద్రపైననే చక్కగా తెలియును. ఒక ఒడ్డు మద్రాసు ప్రభుత్వమునకు, ఆవలి ఒడ్డు నిజాము ప్రభుత్వమునకు చెందినది. ఆ నదిపై పెద్ద ఆనకట్ట కట్టవలెనను తలంపు 1860 ప్రాంతముననే పుట్టినను, ఉభయ ప్రభుత్వముల ఒడంబడిక 1944లో గాని కుదరలేదు. 1945లో పునాది పడి, 1953లో ఆనకట్ట పూర్తియయ్యెను. రాయి పేర్చుటకు ఎనిమిదేండ్లు. మాట కుదుర్చుటకు ఎనుబదేండ్లు. పనికి కాలమెంత పట్టునని లెక్కించువారు రెండవదానిని లెక్కింపక మొదటిదానినే లెక్కింతురు.

ఈ మూడు కథలనుండి గ్రామపెద్దలు గ్రహింపదగిన దేమి? పనికి ప్రయోజనము, కొలత, కాలము, వ్యయము, పనివారు కావలయుననుట అందరెరిగినదే. ఎందు చెడునో ముందే వ్రాసికొనవలయుననుట కొందరెరిగినది. పనికి సంబంధించినవారెవ్వరో మొదటనే వెదకి, వారి కోరికయు భయమును విని, వినినదానిని పటములోనే చేర్చవలయుననుట తక్కువమంది ఆచరించునది. పని ముగిసిన తరువాత ఒప్పించుట కష్టము. గన్నవరము కడ లంకవారికొరకు కమానులు లేచినది పటము మారుటకు వీలున్న కాలముననే.

అందరిని అన్నివిధముల తృప్తిపరచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఎగువ రైతు కోరినంత నీరు ఇచ్చిన దిగువ రైతు ఎండును. అట్టిచోట తృప్తి యనగా కోరినదెల్ల ఇచ్చుట కాదు. ఎవరికి ఎంత వచ్చునో, ఏల అంతే వచ్చునో, ముందుగా చెప్పుట; చెప్పిన దానిని తప్పక ఇచ్చుట; ఇవ్వలేనిచో దాచక పదిమందిలో ఒప్పుకొనుట. కొంచెము నీటికి పెద్ద ఆయకట్టును వాగ్దానము చేయువాడు ఆనాటికి మంచివాడగును, ఎండాకాలమునకు చెడ్డవాడగును. మొదటనే ఉన్నదానిని ఉన్నట్లు చెప్పినవాడు ఆనాటికి కొందరికి అయిష్టుడైనను, వాని మాటపై మరునాడు మరియొక పని నిలుచును.

మన యూళ్లలో చెరువు పూడిక తీయుట, బాట వేయుట, బడి కట్టుట నిత్యము జరుగు పనులే. ఇవి ఆనకట్టలంత పెద్దవి కావు. కాని చెరువు పూడిక తీయునప్పుడు ఆ మట్టి ఎవరి పొలమునకు పోవును, చెరువు గర్భమున పశువులు మేపుకొనువాడు ఏమగును, చేపలు పట్టి బ్రదుకువాడు ఆ యేడు ఏమి తినును, చివరి మడి యజమాని ఈ పనివలన ఏమి పొందును అను ప్రశ్నలు ధవళేశ్వరపు ప్రశ్నల జాతివే. వీనిని పార పట్టకమునుపు రచ్చబండపై అడిగినచో సమాధానము మాటలలో దొరకును. పార పట్టిన తరువాత అడిగినచో తగవులలో దొరకును. అంచనాను, కూలిని, కాలమును ఒక పలకపై వ్రాసి నలుగురు చూచుచోట నిలుపుట కూడ క్రొత్త ఆచారము కాదు. పోరుమామిళ్లలో దానికి రాతిపలకనే వాడిరి.

చెరువు కట్టువాడు కట్టపై నిలుచుండి నీటివైపు చూచుట సహజము. నీరు నిండినదా లేదా అని వాని ఆరాటము. ఒక్కమారు వెనుదిరిగి పొలమువైపు కూడ చూడవలయును. అచ్చట నున్నవాడు మడక సిద్ధము చేసికొని తూము తెరచుటకై కాచుకొనియున్నాడా, లేక చేతులు కట్టుకొని నిలుచున్నాడా? పని ముగిసినదో లేదో వాడే చెప్పవలయును.